ఆపరేషన్ కాని మోకాలు

ముప్పై ఒక్క ఏళ్లు నేను మనుషుల మోకాళ్లు వంచాను, చాపాను. ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరి, అదే విభాగంలో రిటైరయ్యాను. ఏ ఏడు ఏ గ్రేడు వచ్చిందో, ఎవరికంటే ముందు ఎవరికి ప్రమోషన్ వచ్చిందో ఇక్కడ రాయడం లేదు. అవి నాకే సరిగా గుర్తు లేవు.

పోయిన నెల మా విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మయూర్ విహార్‌లో మా ఇంటికి వచ్చారు. ఒకమ్మాయి అడిగింది: "మేడం, లిగమెంట్ ఆపరేషన్ అయిన ప్లేయర్ మళ్లీ ఆటకి రెడీ అని మీరు ఎలా డిసైడ్ చేసేవారు?" నేను గడగడా చెప్పాను. వాపు ఉండకూడదు, రెండు కాళ్ల బలం దాదాపు సమానంగా ఉండాలి, ఒంటికాలి గెంతు పరీక్షలు పాసవ్వాలి, తొమ్మిది నెలలకి ముందు తొందరపడకూడదు. వాళ్లు ఫోన్లలో రాసుకున్నారు. థాంక్యూ చెప్పి వెళ్లిపోయారు.

టీ కప్పులు కడుగుతుంటే నా మీద నాకే చిరాకేసింది. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అవన్నీ పుస్తకంలో ఉన్నవే. నాకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. దాన్ని పిల్లల ముందు దాటవేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చాపడం

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం కొంచెం వివరం. మోకాలి లోపల తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ పట్టి ఉంచే గట్టి పట్టీ లాంటిది ఒకటి ఉంటుంది, అదే లిగమెంటు. పరుగెడుతూ ఒక్కసారిగా మలుపు తిరిగినా, ఎగిరి వంకరగా దిగినా తెగిపోతుంది. డాక్టర్లు చాలాసార్లు తొడ వెనక నుంచి ఒక స్నాయువు తీసి దాని స్థానంలో బిగిస్తారు, దాన్నే గ్రాఫ్ట్ అంటారు. ఆపరేషన్ రెండు గంటల పని. ఆ తరవాతి తొమ్మిది నెలలో, ఏడాదో మన పని. అందులో ఎక్కువ భాగం విసుగు. మొదటి నెల మనల్ని చూస్తే రోగికి భయం, రెండో నెల కోపం. మూడో నెలలో నొప్పి తగ్గగానే, "నాకు బాగైపోయింది, ఇంక మీరెందుకు?" అంటారు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. నొప్పి పోయినంత తొందరగా కొత్త పట్టీ గట్టిపడదు.

నా మొదటి తప్పు చేరిన ఏడాదే జరిగింది. ఘాజియాబాద్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చేవాడు. ఆదివారాలు క్రికెట్ ఆడుతూ మోకాలు పోగొట్టుకున్నాడు. నేను ఉత్సాహంగా అతని మోకాలు వంచడం మీద పడ్డాను. రోజుకింత వంగుతుంటే మురిసిపోయాను. అది పూర్తిగా చాచుకోవడం లేదని పట్టించుకోలేదు. మా విభాగం పెద్ద, నేగీ మేడం, అతను వరండాలో నడిచి వస్తుండగా చూసి నన్ను పిలిచింది.

"సుభద్రా, ఇధర్ ఆ. ఇతను కుంటుతున్నాడు, చూశావా?"

"వంగడం చాలా బాగా వచ్చింది మేడం," అన్నాను.

"వంగిన మోకాలితో కుర్చీలో కూర్చోవచ్చు. నడవాలంటే తిన్నగా చాచుకోవాలి. నువ్వు నీకు బాగా వచ్చిన పని చేశావు. అతనికి కావలసిన పని చేయలేదు."

ఆలస్యంగా ఎంత ప్రయత్నించినా ఆ కాలు పూర్తిగా చాచుకోలేదు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ప్రతి దీపావళికీ ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పేవాడు. అదింకా కష్టంగా ఉండేది.

నేగీ మేడం గఢ్వాల్ మనిషి, తక్కువ మాట్లాడేది. రోగిని ఒక ప్రశ్న అడిగి, జవాబు పూర్తిగా వచ్చేదాకా నోరు మెదిపేది కాదు. "మనకి ముందే తెలిసిన జవాబు కోసం అడిగితే అడగడం దేనికి?" అనేది. ఆమె దగ్గర పదకొండేళ్లు పనిచేశాను. ఆమె రిటైరయ్యాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

హారిక

హారిక మా దగ్గరికి వచ్చేనాటికి పన్నెండో తరగతిలో ఉంది. పొడుగ్గా, సన్నగా, చంకకర్రల మీద వేలాడుతున్నట్టు వచ్చింది. ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్లలో ఇల్లు. తండ్రి రాజేశం గారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, కరీంనగర్ వైపు మనిషి. తల్లి పద్మ. ఒక్కతే కూతురు. స్కూల్లో వాలీబాల్ ఆడేది, ఢిల్లీ జూనియర్ టీమ్‌కి కూడా ఎంపికైంది. ఒక మ్యాచ్‌లో ఎగిరి బంతిని కొట్టి ఎడమ కాలి మీద దిగింది, మోకాలు లోపలికి తిరిగింది. మా ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేశారు.

మొదటి రోజు రాజేశం గారు నన్ను పక్కకి పిలిచారు.

"మేడం, మా బిడ్డ మల్ల ఆడుతదా? అదొక్కటి చెప్పుండ్రి."

"ఆడుతుందండీ. టైమ్ పడుతుంది."

"ఎంత టైమ్? ఎండకాలం పోయినంక కాలేజీ ట్రయల్స్ ఉంటయి. దాని మార్కులతోని మంచి కాలేజీల సీటు రాదు. ఆటతోనే రావాలె."

లెక్క చూసుకుంటే ట్రయల్స్ నాటికి ఎనిమిది నెలలు కూడా నిండవు. ఆ మాట ఆ రోజే గట్టిగా చెప్పి ఉండాల్సింది. "చూద్దాం," అన్నాను. ఈ వృత్తిలో అతి సులువైన మాట అది. దాన్ని వాళ్లు "సరే" అని విన్నారు. వింటారని నాకూ తెలుసు.

హారికకి తెలుగు అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలో ఇచ్చేది. నేను తెనాలి తెలుగులో అడిగేదాన్ని, తను "జీ ఆంటీ" అనేది. అలాంటి శ్రద్ధగల పిల్లని నేను ఎక్కువమందిని చూడలేదు. ఇరవైసార్లు కాలు ఎత్తమంటే ఇరవైసార్లే, ఒకటి తక్కువ కాదు. నెలన్నరకి చంకకర్రలు లేకుండా మెట్లు ఎక్కింది. నాలుగో నెలలో మా ఆసుపత్రి వెనక పార్కింగ్ దగ్గర చిన్నగా పరుగెత్తింది. తల్లి చున్నీ అంచుతో కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

మా విభాగంలో ఒక గోడ మీద ఫోటోలు ఉండేవి. మా దగ్గర బాగై మళ్లీ ఆడిన ఆటగాళ్లవి. కుస్తీ వాళ్లు, హాకీ వాళ్లు, ఒక జూడో అమ్మాయి. ఎవరొచ్చినా ముందు ఆ గోడ దగ్గరికే తీసుకెళ్లి చూపించేదాన్ని. అందులో హారిక ఫోటో ఎక్కడ పెట్టాలో ఆరో నెలలోనే అనుకున్నాను. సిగ్గుపడుతూ చెబుతున్నా, నిజం అదే.

ఆ అమ్మాయి చెప్పింది

ఏడో నెలలో గెంతు పరీక్షలు పెట్టాం. ఒంటికాలి మీద ముందుకి గెంతితే ఎంత దూరం పోతుందో టేపుతో కొలుస్తాం, రెండు కాళ్లకీ. హారిక ఎడమ కాలు కుడికాలికి దాదాపు సరిసమానంగా వచ్చింది. బలం పరీక్షలోనూ అంతే. మా విభాగం పిల్లలు చప్పట్లు కొట్టారు.

నేను ఒకటి గమనించాను. చెప్పి చేయించినప్పుడు చక్కగా గెంతుతోంది. చెప్పకుండా బంతి విసిరితే మాత్రం ముందు నేల వైపు చూస్తోంది, ఆ తరవాతే బంతి వైపు. కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటోంది. వాలీబాల్ ఆడే పిల్ల నేల చూసుకుంటూ ఎగరదు. రెండు మూడుసార్లు చూశాను. ఆటలో పడితే అదే సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకుని ఊరుకున్నాను. కాగితం మీద రాయడానికి అందులో అంకె లేదు మరి.

ఆ వారమే తండ్రీకూతుళ్లు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చారు. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు గారు ఫైలు చూసి నన్ను పిలిచారు.

"ఎమ్మారై బఢియా హై. గ్రాఫ్ట్ పర్ఫెక్ట్. తుమ్హారే టెస్ట్ భీ క్లియర్?"

"క్లియర్ సర్. కానీ ట్రయల్స్ నాటికి కూడా తొమ్మిది నెలలు నిండవు…"

"అరే, ఒక నెల అటూ ఇటూ. లిఖ్ దో."

నేను రాస్తే ఆయన సంతకం పెడతారు. కాగితం తీసుకుని నా గదికి వచ్చాను. రాజేశం గారు బయట బెంచీ మీద కూర్చున్నారు. హారిక నా వెనకే లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఎన్నడూ అలా చేయలేదు.

"ఆంటీ, అభీ మత్ లిఖియే," అంది. ఇప్పుడే రాయొద్దు అని.

"ఎందుకమ్మా? నొప్పిగా ఉందా?"

"నహీ."

"వాపు?"

"నహీ ఆంటీ. బస్… డర్ లగ్తా హై. మై అప్నే ఆప్ నహీ కూద్ పాతీ." భయంగా ఉందనీ, తనంతట తాను ఎగరలేకపోతున్నాననీ.

నేనేం చేశానో ఉన్నదున్నట్టు చెబుతాను. నవ్వాను. తన భుజం మీద చెయ్యి వేసి అన్నాను: "పిచ్చిదానా! మోకాలు బ్రహ్మాండంగా ఉంది. భయం బుర్రలో ఉంది, అంతే. కోర్టులో దిగి నాలుగు బంతులు కొట్టు, అదే పోతుంది."

తను ఏదో అనబోయింది. నేను అప్పటికే పెన్ను తీశాను. హారిక నేను రాయడం పూర్తయ్యేదాకా అక్కడే నిలబడింది. తలుపు తీసి కాగితం తండ్రికి ఇచ్చింది.

రాజేశం గారు చేతులు జోడించారు. "మీ మేలు మరువం మేడం."

ఆ పిల్లకి ఇంకో దారి లేదని కాదు. మార్కులకి వచ్చిన కాలేజీలో చేరి, మరుసటి ఏడాది ట్రయల్స్‌కి వెళ్లి ఉండొచ్చు. ఇంకో మూడు నెలలు కావాలని నేను రాస్తే పెద్ద డాక్టరు గారు విసుక్కునేవారు, రాజేశం గారు బాధపడేవారు. అంతకుమించి ఏమీ జరిగేది కాదు.

ట్రయల్స్ రోజు

ఆ రోజు సెలవు పెట్టి మెట్రోలో వెళ్లాను. ఫోన్ కూడా చార్జింగ్ నిండా పెట్టుకున్నాను, ఫోటో తీయాలని. కాలేజీ గ్రౌండ్‌లో ఒక చెట్టు కింద రాజేశం గారూ నేనూ నిలబడ్డాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. కోచ్ అమ్మాయిల్ని రెండు జట్లుగా విడదీసి ఆడించింది.

మొదట్లో హారిక వెనక వరసలో బాగానే ఆడింది. తరవాత ముందుకి పిలిచారు. నెట్ దగ్గర బంతి పైకి లేపారు. హారిక ఎగిరింది. చాలా అందంగా ఎగిరింది. రాజేశం గారు "శభాష్ బిడ్డా!" అన్నారు. బంతి అవతల పడింది. దిగడంలో ఎడమ కాలు గాలిలోనే వెనక్కి తీసేసుకుంది, బరువంతా కుడికాలి మీద పడింది. నేను చూస్తుండగానే ఆ మోకాలు లోపలికి ఒరిగింది.

అన్నేళ్ల అనుభవం ఉన్నదానికి ఎమ్మారై అక్కరలేదు. అక్కడి నుంచే తెలిసిపోయింది.

రాజేశం గారు నాకంటే ముందు పరుగెత్తారు. వెళ్లి మోకరిల్లి, ఆపరేషన్ అయిన ఎడమ మోకాలిని రెండు చేతులా పొదివిపట్టుకున్నారు. "ఏం కాలే, ఏం కాలే," అంటున్నారు.

హారిక ఏడవలేదు. పళ్లు బిగబట్టి, తెలుగులో అంది: "ఆ కాలు కాదు నాన్నా."

ఆయనకి అర్థం కాలేదు. ఇంకా ఆ కాలే నిమురుతున్నారు.

రెండ్రోజుల తరవాత పెద్ద డాక్టరు గారు ఎమ్మారై ఫిల్మును వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశారు. కుడి మోకాలి లిగమెంటు పూర్తిగా తెగింది. ఎడమది చెక్కు చెదరలేదు. "దేఖా? నేను వేసిన గ్రాఫ్ట్ ఎంత గట్టిగా ఉందో!" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. తను చేసిన పని ఎలా ఉందో ఆయన చూసుకున్నారు. నేనూ నా టేపు కొలతలు మళ్లీ తీసి చూసుకున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అవి చూసి నేను కాస్త ఊరట పడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఊరటే నాకు అన్నిటికంటే అసహ్యంగా ఉంటుంది.

తరవాత

రెండో ఆపరేషన్ అయ్యాక కూడా హారిక నా దగ్గరికే వచ్చింది. ఆ ఇంట్లోవాళ్లకి వేరే ఆసుపత్రి తెలియదు. మళ్లీ ఇరవై అంటే ఇరవై. కానీ మాట లేదు. "జీ ఆంటీ" కూడా పోయింది, తల ఊపేది. నేను ఊరుకోలేక వాగేదాన్ని. "ధైర్యంగా ఉండు, బ్యాడ్ లక్, ఏం చేస్తాం," అని. "నువ్వు చెప్పావు, నేను వినలేదు," అని ఒక్కసారి అంటే చాలు. అనలేదు. విభాగంలో అందరి ముందూ తప్పు నాదని ఒప్పుకోవాల్సి వస్తుందని భయపడ్డాను. ఆ పిల్ల భయాన్ని నవ్వి తీసేసినదాన్ని, నా భయాన్ని మాత్రం జాగ్రత్తగా కాపాడుకున్నాను.

నడక వచ్చింది, మెట్లు వచ్చాయి, పరుగు వచ్చింది. గెంతులు మొదలుపెట్టే రోజున బ్యాగు సర్దుకుని, "ఇంక చాలు ఆంటీ," అంది. మార్కులకి దొరికిన కాలేజీలో బీకామ్ చేరింది. మళ్లీ ఆడలేదని వాళ్లమ్మ ద్వారా తెలిసింది.

నేను మారాను. అయితే మొదట్లో తప్పుగా మారాను. రెండేళ్లపాటు ఎవరు వచ్చినా ఆపేశాను. ఒక కుస్తీ కుర్రాడు నిజంగానే సిద్ధంగా ఉన్నాడు, పరీక్షలూ పాసయ్యాడు, భయమూ లేదు. "ఇంకో నాలుగు నెలలు," అని రాశాను. అతని సీజన్ పోయింది. "మేడంజీ, నాలో మీకేం కనిపించింది?" అని అడిగాడు.  నేను అతన్ని చూడనేలేదు, హారికని చూశాను. అప్పుడు గాని బుర్రకి ఎక్కలేదు. హారిక విషయంలో తొందర ఎంత తప్పో, ఇతని విషయంలో ఆపడమూ అంతే తప్పు. రెండుసార్లూ ఎదురుగా ఉన్న మనిషిని అడగలేదు.

ఆ తరవాత నుంచి పరీక్షలన్నీ అయ్యాక తలుపు వేసి, తల్లిదండ్రుల్నీ కోచ్‌నీ బయట కూర్చోబెట్టి, ఒకే ప్రశ్న అడిగేదాన్ని: "ఆట మధ్యలో ఆ కాలు గుర్తొస్తోందా?" అడిగి నోరు మూసుకునేదాన్ని. కొందరు వెంటనే లేదనేవారు. కొందరు ఐదు నిమిషాలు గోడ చూసి, ఆ తరవాత చెప్పేవారు. గుర్తొస్తోందన్నవాళ్లకి ధైర్యం నూరిపోయలేదు. బంతితో, చుట్టూ జనం ఉండగా, అలసిపోయి ఉన్నప్పుడు, ఎవరూ చెప్పకుండా తమంతట తాము ఎగిరే పని మళ్లీ మొదటి నుంచి మెల్లగా చేయించాను. కొందరికి భయం పోయింది. కొందరికి పోలేదు. పోనివాళ్లకి కాగితం ఇవ్వలేదు. భయం అనేది మోకాలి బయట ఉండే వస్తువు కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే తెలిస్తే మంచిది.

ఫోన్

ఆ ఇద్దరమ్మాయిలు వచ్చి వెళ్లిన వారానికి, పద్మ గారి దగ్గర నంబరు తీసుకుని హారికకి ఫోన్ చేశాను. ఇప్పుడు నోయిడాలో ఒక కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తోంది. ఒకసారి మా ఇంటికి రమ్మన్నాను. ఎందుకని అడగలేదు. శనివారం మధ్యాహ్నం వచ్చింది.

ఉప్మా చేసి పెట్టాను. ఆఫీసు గురించి, వాళ్ల నాన్నగారి రిటైర్మెంట్ గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు తెలుగులోనే మాట్లాడుతోంది, ఆఫీసులో హైదరాబాద్ వాళ్లు ఎక్కువట. చివరికి అన్నాను: "హారికా, ఆ రోజు నువ్వు రాయొద్దన్నావు. నేను నవ్వి రాసేశాను. తప్పు నాదే. అప్పుడే చెప్పాల్సింది."

తను ఉప్మా ప్లేటు పక్కకి జరిపింది. 

"ఆ భయం సంగతి ముందు అమ్మకి చెప్పాను ఆంటీ," అంది. "'దేవుడికి మొక్కుకున్నాను, ఏం కాదు' అంది అమ్మ. నాన్నకి చెబితే కోపమొచ్చింది. మీరు థర్డ్. మీరు డాక్టర్ టైపు కదా, మీరు చెబితే వాళ్లు వింటారు అనుకున్నాను. తలుపు వేసి మరీ చెప్పాను."

"అవును."

"ఆ రోజు ఎగిరాను కదా, పైన ఉన్నప్పుడే తెలిసిపోయింది, ఎడమ కాలు పెట్టలేనని. కిందికి వచ్చేలోపు చాలా టైమ్ ఉన్నట్టు అనిపించింది. సచ్ మే, నిజంగా."

"నామీద కోపం ఉందా?"

"ఉండేది. ఇప్పుడు…" అని ఆగింది. "పతా నహీ ఆంటీ, తెలియట్లేదు. మా అపార్ట్‌మెంట్ సొసైటీలో పిల్లలు ఆడుతుంటారు. బంతి నా వైపు వస్తే చేతులు లేస్తాయి. కాళ్లు లేవవు. అప్పుడు కాసేపు వస్తుంది కోపం."

క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు.

వెళ్లబోతూ చెప్పులు వేసుకుంటూ అంది: "అమ్మకి మోకాళ్లు బాగా నొప్పిగా ఉంటున్నాయి. మెట్లు ఎక్కలేకపోతోంది."

"తీసుకురా, నేను చూస్తాను," అన్నాను వెంటనే. రిటైరయ్యాక కూడా ఇరుగుపొరుగువాళ్లని చూస్తూనే ఉన్నాను.

హారిక చెప్పు పట్టీ సరిచేసుకుంటూ ఉండిపోయింది. తరవాత తలెత్తి, మర్యాదగానే, మెల్లగానే అంది: "మీరు వద్దు ఆంటీ. ఇంకెవరైనా మంచివాళ్ల పేరు చెప్పండి."

లోపలికి వెళ్లి కాగితం వెతికి, నా దగ్గర పనిచేసిన ఒకమ్మాయి పేరు, ఆసుపత్రిలో ఆమె ఉండే రోజులు రాసి ఇచ్చాను.  హారిక ఒకసారి చదివి చూసుకుని, మడిచి ఫోన్ కవర్ వెనక పెట్టుకుంది. లిఫ్టు దాకా వెళ్లి సాగనంపి వచ్చాను.